విశాఖలో తోట పని: ఇళ్లు పట్టుకోవాలా, ఏజెన్సీలో చేరాలా, సొంతంగా కాంట్రాక్టు తీసుకోవాలా?

విశాఖలో మొక్కల పని తెలిసిన మనిషికి పని దొరకడం పెద్ద కష్టం కాదు. ఏ పని పట్టుకోవాలన్నదే తలనొప్పి. ఎంవీపీ కాలనీలో ఒక అమ్మగారు నెలకింత ఇస్తానంటారు. మధురవాడలో అపార్ట్‌మెంట్లు చూసే ఏజెన్సీ పీఎఫ్ (జీతంలోంచి దాచే భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉన్నాయంటుంది. రుషికొండ వైపు రిసార్టు వాళ్లు రెండు పూటలా భోజనం పెడతామంటారు. ఊళ్లో తెలిసిన కాంట్రాక్టరు రోజు కూలికి రమ్మంటాడు. చాలామంది వీటిలో పెద్ద అంకె ఏదో చూసి అటు వెళ్లిపోతారు. నన్నడిగితే అంకె తర్వాత చూడొచ్చు, ముందు మీ పొద్దుటి గంటలు ఎవరి చేతికి వెళ్తున్నాయో చూసుకోవాలి.

ఇక్కడి ఉక్కపోత తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నర దాటితే ఎండలో గునపం పట్టుకోవడం మనిషికీ మంచిది కాదు, అప్పుడు పీకి నాటితే మొక్కకూ మంచిది కాదు. జూన్‌లో ఐదున్నరకే వెలుగొచ్చేస్తుంది, జనవరిలో ఆరున్నర దాకా సరిగా తెల్లారదు. ఎటు చూసినా పొద్దున మూడున్నర, నాలుగు గంటలు, సాయంత్రం ఒకటిన్నర, రెండు గంటలే అసలైన పని జరిగే సమయం. మందు కొట్టడం మరీను. పొద్దెక్కాక సముద్రం గాలి లేస్తుంది, కొట్టిన మందు మొక్క మీద పడకుండా పక్కింటి బట్టల మీద పడుతుంది. కాబట్టి వారానికి ఆరు పొద్దుటి పూటలు, అంటే దాదాపు 24 మంచి గంటలు మీ దగ్గర ఉన్న సరుకు. ఏ పని అయినా ఆ గంటకు ఎంత ఇస్తోంది, ఆ గంటలో ఏం నేర్పిస్తోంది, రేపు ఒళ్లు బాగా లేనప్పుడు ఏం మిగులుస్తుంది అన్న లెక్కతో తూచండి.

ఇళ్లు తిరిగే పని

ఎంవీపీ, సీతమ్మధార, లాసన్స్ బే, పెద వాల్తేరు, కిర్లంపూడి లేఔట్, దసపల్లా హిల్స్. సొంత ఇళ్లు, చుట్టూ కాస్త నేల మిగిలి ఉన్న కాలనీలు ఇవి. వారానికి ఒకటి రెండు సార్లు వెళ్లి పాదులు చేసి, కలుపు తీసి, కొమ్మలు కత్తిరించి, గత్తం వేసి రావడం పని. ఇంటికింత అని నెలకు మాట్లాడుకుంటారు.

ఒక లెక్క వేద్దాం. వారానికి రెండు సార్లు వెళ్లే ఇంటికి నెలకు 1,800 రూపాయలు అనుకోండి. మీరు ఎంత అడుగుతారన్నది తోట సైజును బట్టి మారుతుంది, ఇది ఉదాహరణకే. ఒక పొద్దుటి పూట మూడిళ్లు చూడగలిగితే ఆరు రోజులకు 18 సార్లు, అంటే తొమ్మిది ఇళ్లు. నెలకు 16,200. అదే ఒక ఇల్లు ఎంవీపీలో, ఇంకోటి ఎండాడలో, మరోటి గోపాలపట్నంలో ఉంటే పూటకు రెండిళ్లే చూడగలరు. ఆరు ఇళ్లు, 10,800. రేటు మారలేదు, పనితనం మారలేదు, దారిలో పోయిన గంటల వల్ల 5,400 తగ్గింది. పెట్రోలు ఖర్చు ఇంకా అందులో కలపలేదు.

అందుకే ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఒక సెక్టారు పట్టుకోండి, ఊరంతా తిరగొద్దు. దూరంగా ఉన్న ఇల్లు 300 ఎక్కువ ఇస్తానన్నా వదిలేయండి. పక్క వీధిలో 200 తక్కువిచ్చే ఇల్లు మీకు లాభం. ఒక ఇంట్లో పని బాగుంటే పక్కింటివాళ్లు గోడ మీదుగానే పిలుస్తారు, వేరే ప్రకటన అక్కర్లేదు.

ఈ పనిలో మాటలు ముందే తేల్చుకోకపోతే గొడవలొస్తాయి. ఎరువు, మందు, కుండీలు ఎవరు కొనాలి? కత్తిరించిన కొమ్మలు ఎవరు బయట పడేయాలి? మీరు రాలేని రోజుల్లో నీళ్లెవరు పెడతారు? వీటికి తోడు విశాఖ ఇళ్లలో ఇంకో మామూలు విషయం ఉంది. పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలకు తిరిగొస్తారు. ఆ ఆరు నెలలూ జీతం ఆపేస్తే మీకు నష్టం, తోట ఎండిపోతే వాళ్లకు నష్టం. వెళ్లేముందే అడగండి: "అమ్మగారూ, మీరు లేనప్పుడు వారానికి రెండు సార్లు నీళ్లు పెట్టి చూసుకుంటాను, సగం ఇవ్వండి చాలు." దాదాపు ఎవరూ కాదనరు. తాళం మాత్రం పక్కింటివాళ్ల దగ్గర పెట్టమనండి. ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా మొదట మీ పేరే వినిపిస్తుంది.

వానాకాలంలో వచ్చే మాట కూడా తెలిసిందే. "వానలు పడుతున్నాయి కదా బాబూ, నీళ్లు పెట్టే పని లేదు, ఈ నెల సగమే తీసుకో." నిజానికి కలుపు బలిసేది, కొమ్మలు అడ్డదిడ్డంగా పెరిగేది, మందారానికి పిండినల్లి పట్టకుండా కనిపెట్టుకోవాల్సింది అప్పుడే. ఆ మాట మర్యాదగానే చెప్పి పూర్తి జీతం తీసుకోండి. ఎలాగూ వచ్చావు కదా, కారు కూడా తుడిచెయ్యమనే ఇళ్లు ఉంటాయి. నెలకు ఒకటి రెండు సార్లు అయితే సరే అనుకోవచ్చు. రోజూ అయితే అది వేరే పని, దానికి వేరే డబ్బు.

మిద్దె తోటలు వచ్చాక ఈ దారి ఇంకా బాగుపడింది. డాబా మీద కూరగాయలు, పూలు పెంచుకునేవాళ్లకు మట్టి కలపడం, కుండీలు మార్చడం, వేసవికి గ్రీన్ నెట్ కట్టడం లాంటి పనులకు మనిషి కావాలి. ఇది నెల జీతం కన్నా వచ్చినసారికింత అన్న లెక్కలో బాగా నడుస్తుంది. పగలు ఇంట్లో ఆడవాళ్లే ఉండే చోట్ల ఆడ మనిషి వస్తేనే నయమనుకునేవాళ్లు చాలామంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి ఇళ్లల్లో పని చేసుకుంటున్న ఆడవాళ్లలో పొలం పని, పెరటి పని చేతికి వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లు గిన్నెల పని కన్నా ఈ పనికి ఎక్కువ అడగొచ్చు.

ఇళ్ల పనిలో లోటు ఒక్కటే, కానీ చిన్నది కాదు. పడిపోతే పట్టుకునేవాళ్లు లేరు. నిచ్చెన జారి చెయ్యి విరిగితే రెండు నెలల ఆదాయం పోతుంది. ఆ లోటు పూర్తిగా తీరదు, కొంత పూడ్చుకోవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తుంది. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా 50 ఏళ్ల లోపు వాళ్లు తీసుకోవచ్చు, ఏ కారణంతో పోయినా కుటుంబానికి 2 లక్షలు. 18 నుంచి 40 ఏళ్ల మధ్య వయసు, నెలకు 15,000 లోపు ఆదాయం ఉన్నవాళ్లకు శ్రమయోగి మాన్‌ధన్ పథకం ఉంది. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 దాకా కడితే కేంద్రం కూడా అంతే కడుతుంది, 60 దాటాక నెలకు 3,000 పింఛను. రైస్ కార్డు ఉంటే పెద్ద జబ్బులకు ఎన్టీఆర్ వైద్య సేవ ఎలాగూ ఉంటుంది. ఈశ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కేంద్ర నమోదు) పేరు కూడా నమోదు చేయించుకోండి. అయినా వీటిలో ఏదీ ఇంట్లో మంచం మీద ఉన్న రోజులకు కూలి ఇవ్వదు. ఆ పని చేసేది ఈఎస్ఐ ఒక్కటే.

ఏజెన్సీ ద్వారా అపార్ట్‌మెంటు, ఆఫీసు

మధురవాడ, కొమ్మాది, ఎండాడ వైపు వచ్చిన పెద్ద అపార్ట్‌మెంట్లు, ఐటీ ఆఫీసులు, ఆసుపత్రులు తోట పనిని ఏజెన్సీలకు ఇచ్చేస్తాయి. ఇక్కడ జీతం కాగితం చదవడం రావాలి.

ఉదాహరణకు 14,000 జీతం అన్నారనుకోండి. మొత్తం మీద పీఎఫ్ లెక్క వేస్తే 12 శాతం అంటే 1,680, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 105 పోయి చేతికి 12,215 వస్తుంది. ఇళ్లు తిరిగే మనిషి 16,200 చెప్తున్నాడు, నాకు 12,000 ఏమిటని అక్కడే చాలామంది బెంగ పెట్టుకుంటారు. కానీ యజమాని తన వైపు నుంచి మరో 1,680 పీఎఫ్, 3.25 శాతం లెక్కన 455 ఈఎస్ఐ కట్టాలి. అంటే మీ పని విలువ 16,135. రెండూ దాదాపు ఒకటే. తేడా ఏమిటంటే ఒకచోట డబ్బంతా ఇప్పుడే చేతికొస్తుంది, ఇంకోచోట కొంత దాచిపెట్టి ఇస్తారు.

ఇక్కడే కొన్ని ఏజెన్సీలు మాయ చేస్తాయి. యజమాని వాటా కూడా మీ 14,000 లోంచే కోసి, చేతికి 10,000 చిల్లర పెడతాయి. ఇంకొందరు కోస్తారు గానీ కట్టరు. చేరిన నెల తర్వాత మీ యూఏఎన్ (ఎన్ని చోట్లకు మారినా మారని పీఎఫ్ నంబరు) అడగండి, ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడండి. రెండు నెలలు గడిచినా అందులో డబ్బు కనపడకపోతే ఆ ఏజెన్సీ ఇస్తానన్న జీతం ఆ జీతం కాదు. నెలకు 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ వర్తిస్తుంది. కార్డు చేతికొచ్చాక మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో మీకే కాదు, ఇంట్లోవాళ్లకూ వైద్యం అందుతుంది. పెళ్లయి పిల్లలున్న మనిషికి ఈ ఒక్క కార్డు మిగతా లెక్కలన్నిటినీ తలకిందులు చేయగలదు. ఒక్కడే ఉండే పాతికేళ్ల కుర్రాడికి అంత బరువు ఉండకపోవచ్చు.

పని సంగతికొస్తే, ఏజెన్సీ షిఫ్టు మామూలుగా ఎనిమిది నుంచి ఐదు. అది తోట పని తెలియనివాళ్లు పెట్టిన టైము. మీ మంచి గంటలు సగం ఇంటి దగ్గరే పోతాయి, మధ్యాహ్నం ఏ పనీ లేక లిఫ్టు దగ్గర తుడవమంటారు. చేరే ముందే ఆరు నుంచి రెండు షిఫ్టు అడగండి. ఎండల్లో మొక్కలు చస్తున్నాయన్న కారణం చెప్తే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకుంటారు. అలా ఒప్పుకున్న చోటు దొరికితే, దగ్గర్లో సాయంత్రం చూసుకునే రెండు మూడు ఇళ్లు కూడా ఉంటే, పెళ్లాం పిల్లలున్నవాళ్లకు విశాఖలో అంతకన్నా మంచి ఏర్పాటు నాకు కనపడలేదు. చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఆ ఇళ్లు ఆదివారం పొద్దుటికి మార్చుకోవాలి, అంతే.

అపార్ట్‌మెంట్లలో ఇంకో రెండు విషయాలు. మొదటిది నీళ్లు. చాలాచోట్ల శుద్ధి చేసిన మురుగునీరే మొక్కలకు పెట్టిస్తారు. అందులో ఉప్పు ఎక్కువుంటే ఆకుల అంచులు మాడతాయి, తప్పు మీ మీదికి వస్తుంది. నెలకోసారి మంచినీళ్లు ధారగా పెట్టి కుండీ అడుగు నుంచి బయటికి పోనివ్వాలని, ఆ నీళ్లు కావాలని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. రెండోది మందులు. డబ్బా మీద త్రికోణం చూడకుండా ఏదీ కొట్టకండి. ఎరుపు అంటే అతి ప్రమాదం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ ఆకుపచ్చ. పిల్లలు ఆడుకునే చోట ఎరుపు, పసుపు త్రికోణాలు కొట్టమంటే కొట్టనని చెప్పే హక్కు మీకుంది. పేనుబంక, పిండినల్లికి చాలావరకు 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు ద్రావణం కలిపి ఆకు అడుగున తడిసేలా కొడితే సరిపోతుంది.

సర్కారు పార్కులు, టౌన్‌షిప్పులు

జీవీఎంసీ (నగర కార్పొరేషన్), వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ) పార్కులు, కైలాసగిరి, బీచ్ రోడ్డు డివైడర్లు చూసేవాళ్లలో ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్ మీదే ఉంటారు. పని స్థిరం, పీఎఫ్ ఉంటుంది, సర్కారు పని అన్న మర్యాద ఉంటుంది. కానీ ఖాళీలు మీరు అనుకున్నప్పుడు రావు. ఎవరో మధ్యవర్తి "పర్మనెంట్ చేయిస్తా, ఇంత ఇవ్వు" అంటే ఆ మనిషికి దూరంగా ఉండండి, చేతులు మారిన డబ్బుకు రశీదు ఉండదు.

పెద్ద కార్యక్రమాల ముందు ఈ పనికి ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది. 2023 మార్చిలో జీ20 సమావేశం వచ్చింది, 2025 జూన్ 21న ఆర్కే బీచ్‌లో యోగా దినోత్సవం జరిగింది. అలాంటి వాటి ముందు రోడ్ల వెంట మొక్కలు నాటే కూలి పని బాగా దొరుకుతుంది. అది కొన్ని వారాల సంపాదన. దాన్ని చూసి నెల నెలా వచ్చే ఇళ్లను వదులుకోవద్దు.

నేవీ క్వార్టర్లు, ఉక్కునగరం లాంటి చోట్ల పోలీసు వెరిఫికేషన్, గేటు పాసు కావాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాళ్లకు మంచి చోటు. చెట్లు పెద్దవి, తోటలు పాతవి, నేర్చుకునేది చాలా ఉంటుంది. కాంట్రాక్టు ఎన్నాళ్లుందో మాత్రం అడిగి చేరండి.

రిసార్టులు, సముద్రం పక్క తోటలు

రుషికొండ నుంచి భీమిలి దాకా ఉన్న రిసార్టుల్లో తోట పని వేరే చదువు. అతిథులు నిద్రలేవకముందే లాన్ కోసెయ్యాలి, ఎండుటాకు ఒక్కటి కనపడకూడదు. పొద్దుటి గంటలు పూర్తిగా వాళ్లవే. బదులుగా డ్రిప్పు, స్ప్రింక్లర్లు, లాన్ మూవర్, బ్రష్ కట్టర్ మీద పనితనం వస్తుంది. ఇళ్ల పనిలో పదేళ్లు తిరిగినా అది రాదు.

సముద్రం పక్కన మొక్క బతకాలంటే ఏ మొక్క పెట్టాలో తెలియాలి. గులాబీ, క్రోటన్, ఫెర్న్ ఉప్పుగాలికి అంచులు మాడి ముడుచుకుపోతాయి. గన్నేరు, కాగితం పూలు, దేవగన్నేరు, పొన్న, మొగలి, కొబ్బరి తట్టుకుంటాయి. లాన్‌కు బెర్ముడా, సెయింట్ అగస్టీన్ గడ్డి ఉప్పును బాగానే ఓర్చుకుంటాయి. గాలి ఎక్కువ వీచిన మర్నాడు ఆకులను మంచినీళ్లతో కడగాలి. ఇది చేతికొచ్చిన మనిషికి బీచ్ రోడ్డు ఇళ్లలో మామూలు రేటు కన్నా ఎక్కువ అడిగే అర్హత ఉంటుంది, ఎందుకంటే ఆ ఇళ్లవాళ్లు అప్పటికే రెండు మూడు సార్లు మొక్కలు కొని చంపేసి ఉంటారు. అందుకే పెళ్లి కాని కుర్రాళ్లు ఒకటి రెండేళ్లు రిసార్టులో గడిపి రావడం నాకు నచ్చే దారి. ఇల్లు గాజువాకలో ఉండి, తెల్లారేసరికి భీమిలి చేరాల్సిన మనిషికి మాత్రం ఇది వద్దు. అక్కడే గది ఇస్తేనే చూడాలి.

నర్సరీలో పని

జీతం అన్నిటికన్నా తక్కువ. పగలంతా కవర్లు నింపడం, నీళ్లు పెట్టడం, లోడు దించడం. అయినా అసలు ఏమీ తెలియని మనిషికి మొదటి ఏడాది ఇక్కడే గడపమంటాను. గాలి అంటు, నేల అంటు, కొమ్మ అంటు కట్టడం, విత్తనం నారు పోయడం, ఏ మొక్కకు ఎంత ఎండ కావాలో కంటితో చెప్పడం ఇక్కడ వస్తాయి. కడియం (రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు) నుంచి వచ్చే మొక్కల టోకు ధర, ఇక్కడ అమ్మే ధర రెండూ తెలుస్తాయి. రేపు కాంట్రాక్టు పని చేయాలనుకునేవాడికి ఆ తేడాయే పెట్టుబడి. రెండో ఏడాది కూడా కవర్లే నింపిస్తుంటే బయటికి వచ్చేయండి.

సొంత కాంట్రాక్టు

అందరి కళ్లూ దీని మీదే. భోగాపురం వైపు, ఆనందపురం వైపు లేఔట్లు వేస్తున్నారు, ఇళ్లు కడుతున్నారు, గేటు దగ్గర పచ్చదనం కావాలి. ఒక తోట వేసి ఇస్తే నెల జీతాల మొత్తం ఒక్కసారే కనపడుతుంది. కనపడిన దాంట్లో మీది ఎంత అన్నది వేరే సంగతి.

చచ్చిన మొక్క ఎవరి ఖర్చు? కాంట్రాక్టులో మొదట తేలాల్సింది ఇదే. కడియం ఇక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. లారీలో గాలికి ఆకు రాలిపోయి వచ్చిన మొక్కను దించిన రోజే ఎండలో నాటితే సగం పోతుంది. పది, పదిహేను రోజులు నీడలో పెట్టి తేరుకున్నాక నాటాలి. ఓనరు మాత్రం గృహప్రవేశం రేపు ఉండగా ఈ రోజు మొక్కలు కావాలంటారు. ఒప్పుకుంటే గ్యారంటీ ఇవ్వొద్దు. గ్యారంటీ ఇవ్వాల్సి వస్తే మూడు నెలలు మించనివ్వకండి, అదీ నీళ్లు పెట్టే పని మీ మనిషి చేతిలో ఉన్నప్పుడే. కాగితం మీద ఇంకో వాక్యం కూడా రాయించండి: తుఫాను నష్టం గ్యారంటీలోకి రాదు.

ఆ వాక్యం ఎందుకో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలితో వచ్చి ఊరి చెట్లను ఊడ్చేసింది. అక్టోబరు, నవంబరు ఇక్కడ తుఫాన్ల కాలం. పొడుగాటి చెట్లు, పామ్‌లు నాటాలంటే జూన్, జూలైలో మొదటి వానలకే నాటండి, వేరు పట్టడానికి టైము దొరుకుతుంది. సెప్టెంబరులో నాటాల్సి వస్తే సరుగుడు కర్రలు మూడేసి పాతి కట్టండి, ఆ ఖర్చు బిల్లులో వేరుగా చూపించండి. కొండవాలు నేలల్లో గుంత తవ్వడం కూడా వేరే లెక్క. ఎర్రమట్టి ఎండితే గునపం దిగదు. గుంతలన్నిటికీ ఒకే రేటు చెప్పి దెబ్బ తినేది ఎక్కువగా అక్కడే.

ఇంటివాళ్లు అడ్డుగా ఉన్న చెట్టు కొట్టేయమంటారు, అది మీ పనిలో భాగమే అన్నట్టు మాట్లాడతారు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. అనుమతి కాగితం ఓనరే తేవాలని చెప్పండి. కొమ్మల కత్తిరింపు వేరు, చెట్టు నరకడం వేరు.

డబ్బు విషయంలో సగం ముందే తీసుకోకుండా లోడు ఆర్డరు ఇవ్వకండి. కంపెనీ పని అయితే బిల్లులో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, పాన్ కార్డు ఇవ్వకపోతే అది 20 శాతం అవుతుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ, చాలా కాంట్రాక్టుల్లో మిగిలే లాభమే అంత ఉండదు. ఇవన్నీ చూసుకోగలిగి, ఇద్దరు ముగ్గురు నమ్మకమైన మనుషులుండి, రెండు నెలలు బిల్లు రాకపోయినా ఇల్లు నడిచే పరిస్థితి ఉంటేనే ఈ దారి. అప్పు చేసి మొక్కలు కొని మొదటి కాంట్రాక్టు పట్టుకోవడం నేను ఎవరికీ చెప్పను.

ఎవరికి ఏది

పని రానివాళ్లు నర్సరీ నుంచి మొదలుపెట్టాలి, అందులో నాకు అనుమానం లేదు. పని వచ్చి, ఇంట్లో చిన్నపిల్లలో, వైద్యం అవసరమైన తల్లిదండ్రులో ఉంటే ఆరు నుంచి రెండు షిఫ్టున్న ఏజెన్సీ, దానికి తోడు రెండు మూడు ఇళ్లు. ఒంటరి కుర్రాళ్లకు రిసార్టు. ఒకరి కింద పని చేయడం పడని మనుషులు, మాట నేర్పున్నవాళ్లు ఇళ్లు పట్టుకోవాలి, ఆ బీమాలన్నీ మొదటి నెలలోనే కట్టేయాలి. యాభై దాటి, నిచ్చెన ఎక్కలేనివాళ్లకు మిద్దె తోటలు నయం. అక్కడ బరువు పని తక్కువ, అనుభవానికి విలువ ఎక్కువ. కాంట్రాక్టు సంగతి ఇళ్ల పనిలో ఒక కాలనీ మొత్తం పేరు తెచ్చుకున్నాక ఆలోచించండి. మొదటి ఆర్డర్లు ఆ ఇళ్ల నుంచే వస్తాయి.

మారాలనుకుంటే ఎప్పుడు మారాలన్నది కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏజెన్సీ వదిలి ఇళ్లు వెతుక్కోవద్దు. నీళ్లకు కటకట, ఓనర్లు ఊళ్లకు పోతారు, తోట మీద ఎవరికీ ధ్యాస ఉండదు. తుఫాన్ల కాలం అయ్యాక, నవంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా చేమంతి, బంతి పెట్టుకునే రోజుల్లో ఇళ్లవాళ్లే మనిషి కోసం చూస్తుంటారు. ఒకే వీధిలో నాలుగు ఇళ్లు ఖాయం అయ్యాకే ఏజెన్సీకి నోటీసు ఇవ్వండి. వచ్చేటప్పుడు పీఎఫ్ డబ్బంతా తీసేయమని పక్కవాళ్లు చెప్తారు. పీఎఫ్‌లో పింఛను వాటా కూడా ఉంటుంది, పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. మధ్యలో పింఛను వాటా తీసేస్తే ఆ సంవత్సరాల లెక్క పోతుంది. తప్పని అవసరం లేకపోతే దాన్ని అలాగే ఉంచి, ఫారం 10సీ మీద స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన సర్వీసు లెక్క నిలిపే కాగితం) తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా మళ్లీ ఏజెన్సీలో చేరితే, అక్కడి గుమాస్తా కొత్త యూఏఎన్ తెరుద్దామన్నా ఒప్పుకోకుండా పాత నంబరే రాయించండి.